పాతిక వేలకి ర్యాక్ సర్వర్ దొరుకుతోంది, ఇంట్లో వీఎంల ల్యాబ్‌కి కొనొచ్చా?

ముందు మీ ప్రశ్నని ఒకసారి చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకీ అందుతుంది. మీరు హనుమకొండలో అమ్మానాన్నల దగ్గరే ఉంటూ ఇంటి నుంచి సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నారు. ఆఫీసు కంప్యూటర్లనీ లాగిన్లనీ ఒకచోటి నుంచి నడిపే యాక్టివ్ డైరెక్టరీ, ప్రోగ్రాములని చాలా మెషీన్ల మీద పంచి నడిపే కుబర్నెటీస్, రెండూ వీఎంల మీద (ఒకే కంప్యూటర్ లోపల నడిచే విడివిడి కంప్యూటర్లు) సొంతంగా పెట్టి నేర్చుకోవాలనుకుంటున్నారు. ఎవరో డేటా సెంటర్లలో పెట్టే పాత 2యూ ర్యాక్ సర్వర్, రెండు జియాన్లు (సర్వర్ ప్రాసెసర్లు), 128 జీబీ ర్యామ్‌తో పాతిక వేలకి ఇస్తామన్నారు. ఇంటికి గృహజ్యోతి (తెలంగాణలో నెలకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కింద జీరో బిల్లు వస్తోంది. కరెంటు పోతూ ఉంటుంది, ఇన్వర్టర్ ఉంది. వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్‌గా (హైపర్‌వైజర్) ప్రాక్స్‌మాక్స్ వేయాలా, వీఎంవేర్ వేయాలా తేలడం లేదు. విండోస్ సర్వర్ లైసెన్స్ ఏం చేయాలన్నదీ అడిగారు.

సర్వర్ కొనకండి. ఆ ధరకి 128 జీబీ ర్యామ్ రావడం మంచి బేరమే, కాదనను. కానీ ఇంట్లో పెట్టే ల్యాబ్‌కి కోర్ల లెక్క ఆఖర్న చూసుకోవాలి. ముందు చూడాల్సినవి మూడు: రోజంతా ఎన్ని వాట్లు లాగుతుంది, ర్యామ్ ఎంత పడుతుంది, అది నడిచినా పడిపోయినా ఇంట్లో ఎవరికి ఇబ్బంది. మొదటిదాంట్లోనూ మూడోదాంట్లోనూ ఆ సర్వర్ మీ ఇంటికి పనికిరాదు.

కరెంటు లెక్క చూద్దాం. ఏ పరికరమైనా నెలంతా ఆపకుండా నడిస్తే ఒక్కో వాటుకీ 0.72 యూనిట్ కాలుతుంది. రెండు ప్రాసెసర్ల పాత సర్వర్ ఒక్క వీఎం కూడా నడపకుండా ఖాళీగా ఉన్నా వంద వాట్లు దాటుతుంది. ఫ్యాన్లు, నాలుగైదు డిస్కులు, రెండో పవర్ సప్లై కలుపుకుని 130 అనుకుంటే నెలకి 94 యూనిట్లు. ఇప్పుడు మీ ఇంటి వాడకం 150 అనుకుందాం. మొత్తం 244. గృహజ్యోతిలో 200 దాటిన నెల ఆ పైనున్న 44 యూనిట్లకి మాత్రమే కట్టి ఊరుకోవడం కుదరదు, మొత్తం 244కీ కట్టాలి. పైగా 200 దాటితే కింది శ్లాబుల చౌక రేట్లు కూడా పోతాయి: మొదటి 200 యూనిట్లకి 5.10 చొప్పున, ఆ పైన 7.70. ఎనర్జీ చార్జీలే 1,359 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలూ అవీ అదనం. నిన్నటిదాకా సున్నా వచ్చిన ఇల్లది. ఏడాదికి 16 వేల పైమాటే, అంటే ఏడాదిన్నర తిరిగేసరికి ఆ సర్వర్‌ని ఇంకోసారి కొన్నట్టు. టారిఫ్ మారుతుంటుంది కాబట్టి మీ బిల్లు చూసి మీరే ఇంకోసారి లెక్కేసుకోండి. ఆంధ్రలో చదివేవాళ్లకి శ్లాబులు వేరు గానీ లెక్క తీరు ఇదే: కొత్తగా చేరే యూనిట్లు ఎప్పుడూ మీ పై శ్లాబు రేటుకే పడతాయి.

చప్పుడు సంగతి చెప్పక్కర్లేదు. 2యూ సర్వర్ స్విచ్ వేయగానే ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిరుగుతాయి, పక్క గదిలో మిక్సీ వేసినట్టే. తర్వాత తగ్గుతుంది, కానీ కంపెనీ ముద్ర లేని కార్డు ఏదైనా లోపల పెడితే కొన్ని మోడళ్లలో ఆ తగ్గడం కూడా ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లుండగా, మీరు కాల్స్ మాట్లాడే ఇంట్లో, అది కుదిరే పని కాదు.

మరి ఏం కొనాలంటే, ఆఫీసుల్లో లీజు అయిపోయి వచ్చే చిన్న బాక్సులు. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, ఈ మూడూ ఒకటే జాతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్లని అధికారికంగా ఒప్పుకోదు కాబట్టి 6, 7 తరాల బాక్సులు కుప్పలుగా బయటికొచ్చాయి. లైనక్స్‌కి ఆ పట్టింపు లేదు. అయినా నన్నడిగితే కాస్త ఎక్కువ పెట్టి 8వ తరమే తీసుకోమంటాను. 7వ తరం ఐ5-7500టీలో నాలుగు కోర్లు, 8వ తరం ఐ5-8500టీలో ఆరు. రెండూ 35 వాట్ల ప్రాసెసర్లే. ఖాళీగా ఉన్నప్పుడు మొత్తం బాక్సు 10–15 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నాలుగైదు వీఎంలు మెలకువగా ఉంటే సగటున 20 అనుకోండి, నెలకి 14–15 యూనిట్లు. జీరో బిల్లు జోలికి పోదు.

ఎన్100 మినీ పీసీ గురించి చాలామంది చెప్తారు. మంచిదే, ఇంకా తక్కువ తింటుంది. కానీ ఇంటెల్ లెక్క ప్రకారం దానికి 16 జీబీయే పరిమితి, మెమరీ చానల్ ఒక్కటే. ఇంట్లో ఫైళ్లు, ప్రకటనలు ఆపే డీఎన్‌ఎస్, ఫొటోల బ్యాకప్‌కి సరిగ్గా సరిపోతుంది. మీరు చెప్పిన ల్యాబ్‌కి చాలదు.

ఎందుకు చాలదో ర్యామ్ లెక్కే చెప్తుంది. యాక్టివ్ డైరెక్టరీ నడిపే డొమైన్ కంట్రోలర్‌కి 4 జీబీ, చేర్చి చూసుకోవడానికి ఒక విండోస్ క్లయింట్‌కి 4, కుబర్నెటీస్‌కి మూడు నోడ్లు (అంటే మూడు వీఎంలు) ఒక్కోటి 4 చొప్పున 12, ఫైర్‌వాల్ వీఎంకి 2, హైపర్‌వైజర్ తనకి 2. ఇప్పటికే 24. అందుకే 32 జీబీతో మొదలుపెట్టండి. ప్రాసెసర్ కోర్లని ఉన్నవాటికంటే మూడు నాలుగు రెట్లు పంచిపెట్టినా ల్యాబ్‌లో ఏమీ కాదు, ఎందుకంటే ఆ వీఎంలు ఎక్కువసేపు ఊరికే కూర్చుంటాయి. ర్యామ్ అలా పంచితే డిస్కునే ర్యామ్‌లా వాడే స్వాప్‌లోకి జారుకుని అన్నీ కలిసి నత్తనడక నడుస్తాయి, ఇంకా ముదిరితే హోస్ట్ (అసలు బాక్సు) ఏదో ఒక వీఎంని చంపేస్తుంది. వాడని ర్యామ్‌ని వీఎం నుంచి వెనక్కి తీసుకునే బెలూనింగ్, ఒకేలాంటి మెమరీ పేజీలని కలిపేసే కేఎస్‌ఎం లాంటివి ఉన్నాయి, కానీ వాటిని నమ్ముకుని ప్లాన్ వేయకండి. 8వ తరం బాక్సుల్లో రెండు స్లాట్లలో 32 జీబీ స్టిక్కులు రెండు వేసి 64 దాకా వెళ్లొచ్చు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ర్యామ్‌తో సహా అమ్మే బాక్సుకే మొగ్గు చూపండి. ఖాళీ బాక్సు చౌకగా వచ్చిందని కొని, తర్వాత ర్యామ్ ధర చూసి కూలబడేవాళ్లు ఎక్కువయ్యారు.

కొనేటప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి ఒకసారి వెళ్లగలిగితే ఆన్‌లైన్ కంటే అదే నయం, చేతిలో పట్టుకుని చూడొచ్చు. జేబులో లైవ్ లైనక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టుకెళ్లండి. షాపులోనే బయాస్‌లోకి (మెషీన్ లేచేటప్పటి సెట్టింగుల స్క్రీన్) వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ బాక్సు వదిలేయండి, పాత ఆఫీసువాళ్లు పెట్టిన తాళం అది, తీయించడం పెద్ద తలనొప్పి. బయాస్ తెరుచుకుంటే వర్చువలైజేషన్ ఆప్షన్లు, అంటే వీటీ-ఎక్స్, వీటీ-డీ, రెండూ ఉన్నాయో లేదో చూసి ఆన్ చేయండి. తర్వాత లైవ్ లైనక్స్‌లో బూట్ చేసి ఎస్‌ఎస్‌డీ స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) చూడండి. ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) అయితే ఎంత శాతం అరిగిందో అదే చెప్తుంది.

అడాప్టర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. డెల్ బాక్సులు తమ అడాప్టర్‌ని గుర్తుపడతాయి. వాటేజీ సరిపోయే లోకల్ అడాప్టర్ పెట్టినా, దాని గుర్తింపు అందకపోతే ప్రాసెసర్‌ని బాగా తక్కువ వేగానికి కట్టేస్తాయి. బూట్ అవుతుంది, పనిచేస్తుంది, కానీ ప్రతీదీ ఈడుస్తుంది. మనం ప్రాక్స్‌మాక్స్‌నో డిస్కునో తిట్టుకుంటూ కూర్చుంటాం. షాపులో బూట్ చేసినప్పుడే అడాప్టర్ రకం తెలియడం లేదన్న హెచ్చరిక వస్తుందేమో చూడండి, వస్తే అసలు అడాప్టర్ ఇచ్చేదాకా కదలకండి. ఇంటికొచ్చాక మూత తీసి దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయండి. మెమరీ టెస్ట్ ఒక రాత్రంతా నడవనివ్వండి.

డిస్కు దగ్గర పొదుపు చేయకండి. వీఎంలు ఎన్‌వీఎంఈ మీదే ఉండాలి. కుబర్నెటీస్‌లో ఎట్‌సీడీ అనే డేటాబేస్ రాసిన ప్రతి మాటా డిస్కు మీద నిజంగా పడిందని ఖాయం చేసుకున్నాకే ముందుకెళ్తుంది. పాత హార్డ్‌డిస్కు మీద కుబర్నెటీస్ మొత్తాన్నీ నడిపే మూడు కంట్రోల్ ప్లేన్ నోడ్లు పెడితే ఆ ఎదురుచూపులు ఒకదానిమీద ఒకటి పేరుకుని, వాటి మధ్య లీడర్ ఎన్నికలు మళ్లీమళ్లీ జరిగి, క్లస్టర్ (ఆ నోడ్ల గుంపు) ఊగిపోతుంది. లాగ్ చూసినవాళ్లకి నెట్‌వర్క్ సమస్యలా కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీలో కూడా మరీ చౌకైన క్యూఎల్‌సీ రకం వద్దు, వరసపెట్టి రాస్తుంటే చతికిలబడుతుంది. టీఎల్‌సీ రకం 500 జీబీది ఒకటి చాలు, 1 టీబీ అయితే నిశ్చింత.

ఫైల్ సిస్టమ్ గురించి ఆన్‌లైన్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ భజన వినిపిస్తుంది. నాకూ ఇష్టమే. కానీ ఒకే డిస్కు, 32 జీబీ ర్యామ్ ఉన్న బాక్సుకి ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాలర్ మామూలుగా ఇచ్చే ఎల్‌వీఎం-థిన్ చాలు. ఒకవేళ జెడ్‌ఎఫ్‌ఎస్ పెడితే దాని క్యాష్ ర్యామ్‌ని తింటుంది. పాత ఇన్‌స్టలేషన్లలో సగం దాకా తీసుకునేది, ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి ఇన్‌స్టాలర్ దాన్ని పది శాతానికి, ఎంత పెద్ద మెషీన్ అయినా 16 జీబీకి మించకుండా కట్టేసింది. ఎల్‌వీఎం-థిన్‌లో జాగ్రత్తపడాల్సింది వేరే. వంద జీబీ డిస్కు మీద నలభై జీబీ చొప్పున ఐదు వీఎంలు ఇవ్వనిస్తుంది, ఎందుకంటే రాసినంతే ఖర్చు రాసుకుంటుంది. పూల్ (వీఎంలన్నీ పంచుకునే డిస్కు జాగా) నిండిన రోజు ఆ ఒక్క వీఎం కాదు, రాయబోయిన ప్రతి వీఎమ్మూ ఎర్రర్లు చూపిస్తుంది. వీఎం డిస్కుకి డిస్కార్డ్ టిక్కు పెట్టి, లోపల ట్రిమ్ వారానికోసారి నడిచేలా చూస్తే, చెరిపేసిన ఫైళ్ల జాగా పూల్‌కి తిరిగొస్తుంది. టిక్కు లేకపోతే వీఎం లోపల ఖాళీ కనిపిస్తున్నా బయట పూల్ నిండుతూనే ఉంటుంది.

ఇక ప్రాక్స్‌మాక్సా వీఎంవేరా అన్నది. ఇంటికి ప్రాక్స్‌మాక్స్. కింద ఉన్నది డెబియన్, వర్చువలైజేషన్ చేసేది 2007 నుంచి లైనక్స్ కెర్నల్‌లోనే ఉన్న కేవీఎం. సబ్‌స్క్రిప్షన్ లేకుండా కూడా అన్ని ఫీచర్లూ ఉంటాయి. లాగిన్ అయినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక పెట్టె అడ్డమొస్తుంది, మూసేసి ముందుకెళ్లడమే. ఇన్‌స్టాల్ కాగానే ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ (డబ్బు కట్టినవాళ్లకి అప్‌డేట్లు వచ్చే చోటు) ఆపేసి నో-సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీ పెట్టుకోండి, లేకపోతే అప్‌డేట్లు ఎర్రర్ ఇస్తాయి. ఒకటే బాక్సు కాబట్టి హై అవైలబిలిటీ సర్వీసులు (ఒక బాక్సు పడిపోతే వీఎంలని ఇంకో బాక్సులో లేపేవి) రెండూ ఆపేస్తే ఎస్‌ఎస్‌డీ మీద ఆగకుండా పడే చిన్నచిన్న రాతలు కొంత తగ్గుతాయి.

వీఎంవేర్ విషయంలో, బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని 2023 నవంబర్‌లో కొన్నాక 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ (వీఎంవేర్ వాళ్ల హైపర్‌వైజర్) తీసేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ తెచ్చారు. రేపు ఏమవుతుందో దాని మీద ల్యాబ్ కట్టుకోను. పైగా ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐని వీసెంటర్‌తో (చాలా సర్వర్లని ఒకచోటి నుంచి నడిపే ప్రోగ్రామ్) కలపనివ్వరు, ఉద్యోగాల్లో అడిగేది ఆ వీసెంటరే. దానికి అన్నిటికంటే చిన్న సైజులోనే 14 జీబీ ర్యామ్ కావాలి. ఇంటర్వ్యూ కోసం ఈఎస్‌ఎక్స్‌ఐ స్క్రీన్లు చూసి ఉండాలనుకుంటే ప్రాక్స్‌మాక్స్ లోపలే ఒక వీఎంగా వేసుకోండి. వీఎంలో వీఎం నడుస్తుంది, నిదానంగా నడుస్తుంది, చూడటానికి చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి: ల్యాబ్ వేరు, ఇల్లు వేరు. ల్యాబ్ అంటే పగలగొట్టడానికి పెట్టుకున్నది. ఇంటి నెట్ దాని మీద ఆధారపడితే పగలగొట్టడానికి చెయ్యి రాదు, చెయ్యి రాకపోతే నేర్చుకునేదేం ఉండదు. అందుకని ఇంటి రౌటర్ పని వీఎంకి అప్పగించకండి. ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ నేర్చుకోవాలంటే తప్పకుండా నేర్చుకోండి, కానీ అది ల్యాబ్‌కి గేటుగా ఉండాలి, ఇంటికి కాదు.

ఎలాగంటే, ప్రాక్స్‌మాక్స్‌లో మొదటి బ్రిడ్జి (సాఫ్ట్‌వేర్‌లో ఉండే స్విచ్చు) బాక్సు నెట్‌వర్క్ పోర్టుకి కట్టి ఉంటుంది, అది ఇంటి వైపు. రెండో బ్రిడ్జి ఒకటి కొత్తగా చేయండి, దానికి ఏ పోర్టూ ఇవ్వకండి. గాలిలో ఉన్న స్విచ్చు అది. ఓపీఎన్‌సెన్స్ వీఎంకి రెండు కార్డులిచ్చి, ఒకటి ఇంటి బ్రిడ్జికీ ఒకటి ల్యాబ్ బ్రిడ్జికీ తగిలించండి. డొమైన్ కంట్రోలర్, కుబర్నెటీస్ నోడ్లు అన్నీ రెండో బ్రిడ్జి మీదే ఉండాలి. అప్పుడు మీ విండోస్ సర్వర్‌లో నెట్‌వర్క్ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పాత్ర ఎన్నిసార్లు పెట్టి తీసినా దాని అడ్రసులు ల్యాబ్ గోడ దాటవు. ఇలా కాకుండా ఇంటి బ్రిడ్జి మీదే ఆ పాత్ర పెట్టి చూడండి, పది నిమిషాల్లో హాల్లోంచి కేక వినిపిస్తుంది: టీవీకి ల్యాబ్ అడ్రస్ వచ్చి సీరియల్ ఆగిపోయి ఉంటుంది. ఒకే స్విచ్చుని విడి నెట్‌వర్కులుగా చీల్చే వీల్యాన్లు నేర్చుకోవడం తర్వాత చూసుకోవచ్చు. ఎనిమిది పోర్టుల చిన్న మేనేజ్డ్ స్విచ్చు చాలు, తొందరేం లేదు.

ల్యాబ్‌కి అడ్రసుల శ్రేణి ఎంచుకునేటప్పుడు 10తో మొదలయ్యేవి వదిలేయండి. మీరు ఇంటి నుంచి పని చేస్తున్నారు, చాలా కంపెనీల వీపీఎన్‌లు ఆ మొత్తం శ్రేణినీ తమవైపు లాగేసుకుంటాయి. వీపీఎన్ కలపగానే ల్యాబ్ మాయమవుతుంది. 192.168.1, జియో రౌటర్లు ఇచ్చే 192.168.29 కూడా వద్దు. 172.27 లాంటిది పెట్టుకోండి. అసలు కంపెనీ ల్యాప్‌టాప్‌ని ల్యాబ్ వైపే రానివ్వకండి, అది మీ ఉద్యోగానికి మంచిది. డొమైన్ పేరు చివర డాట్ లోకల్ పెట్టకండి, పాత ట్యుటోరియళ్లన్నీ అదే చూపిస్తాయి గానీ ప్రింటర్లు, యాపిల్ మ్యాక్‌లు ఆ పేరుని వేరే పనికి వాడుకుంటాయి. 2024 జూలైలో ఇంటర్నెట్ పేర్లు చూసే ఐకాన్ సంస్థ డాట్ ఇంటర్నల్ అన్న పేరుని సొంత నెట్‌వర్కుల కోసమే కేటాయించింది, అది పెట్టుకోండి.

బయటినుంచి ల్యాబ్‌లోకి రావాలంటే పోర్ట్ ఫార్వార్డింగ్ (రౌటర్‌లో బయటివాళ్లకి తలుపు తెరవడం) వైపు చూడనే వద్దు. మన దగ్గర చాలా ప్రొవైడర్లు ఒకే పబ్లిక్ అడ్రస్‌ని పదుల ఇళ్లకి పంచుతారు. రౌటర్ వ్యాన్ (బయటి వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీదీ అదే కథ, ఫార్వార్డింగ్ పనిచేయదు. పనిచేసే కనెక్షన్ అయినా ప్రాక్స్‌మాక్స్ 8006 పోర్టునో, రిమోట్ డెస్క్‌టాప్ 3389నో ప్రపంచానికి తెరిచిపెట్టడం కోరి తెచ్చుకునే చేటు. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వేసుకోండి, ఉచిత ప్లాన్ సరిపోతుంది.

విండోస్ వీఎం మొదటిసారి పెట్టినప్పుడు ఇన్‌స్టాలర్ డిస్కే లేదంటుంది. కంగారు పడకండి. వీఎంల కోసమే చేసిన వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్‌ఓని రెండో సీడీగా తగిలించి, ఆ స్క్రీన్‌లోనే డ్రైవర్ లోడ్ చేస్తే డిస్కు కనిపిస్తుంది. అది తిప్పలని పాత ఐడీఈ రకం డిస్కు పెట్టుకునేవాళ్లున్నారు, ఆ వీఎం ఎప్పటికీ మందకొడిగానే ఉంటుంది. లోపల గెస్ట్ ఏజెంట్ (హోస్ట్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్) తప్పకుండా వేయండి, పద్ధతిగా షట్‌డౌన్ చేయడానికి కావాలి. డొమైన్ కంట్రోలర్‌ని పాజ్ చేసి మర్నాడు లేపితే గడియారం వెనకబడి ఉంటుంది. డొమైన్ లాగిన్లు చూసే కెర్బరాస్‌కి మామూలుగా ఐదు నిమిషాలకి మించి తేడా పనికిరాదు, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా లాగిన్ అవ్వదు. పాస్‌వర్డులు మార్చుకుంటూ కూర్చునే ముందు టైమ్ చూడండి.

లైనక్స్ వైపు ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌తో (ముందే ఇన్‌స్టాల్ చేసి ఉన్న డిస్కు ఫైల్) ఒక టెంప్లేట్ చేసుకుని అందులోంచి క్లోన్లు తీసుకోండి. ఇక్కడ అందరికీ తగిలే రాయి ఒకటుంది. టెంప్లేట్‌ని ఒకసారి బూట్ చేసి, ప్యాకేజీలు వేసి, ఆపేసి క్లోన్ చేస్తారు. మూడు క్లోన్లూ లేస్తాయి, మూడింటికీ ఒకటే ఐపీ వస్తుంది. మ్యాక్ అడ్రసులు (నెట్‌వర్క్ కార్డు నంబర్లు) వేర్వేరే ఉంటాయి, అందుకే ఎంత చూసినా అర్థం కాదు. ఉబుంటు డీహెచ్‌సీపీ సర్వర్‌కి తన గుర్తింపుగా మ్యాక్‌ని కాకుండా, మెషీన్ ఐడీ అనే ఫైల్‌లోంచి పుట్టించిన అంకెని పంపిస్తుంది. టెంప్లేట్‌లో ఆ ఫైల్ నిండి ఉంటే క్లోన్లన్నిటికీ అదే అంకె. టెంప్లేట్‌గా మార్చే ముందు ఆ ఫైల్‌ని ఖాళీ చేయండి. చెరపకూడదు, ఖాళీగా ఉంచాలి. ప్రతి క్లోనూ లేచేటప్పుడు కొత్తది రాసుకుంటుంది.

ఈ చిన్న బాక్సుల్లో చాలావాటికి ఇంటెల్ ఐ219 నెట్‌వర్క్ చిప్ ఉంటుంది. లైనక్స్‌లో భారీగా డేటా పోతున్నప్పుడు, ముఖ్యంగా రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు, అది ఒక్కోసారి బిగుసుకుపోతుంది. బాక్సు నడుస్తూనే ఉంటుంది, నెట్‌వర్క్ మాత్రం ఉండదు. మానిటర్ తగిలించి కెర్నల్ లాగ్ చూస్తే హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ అన్న వాక్యం వరసగా కనిపిస్తుంది. ఆ కార్డుకి టీఎస్‌ఓ, జీఎస్‌ఓ ఆఫ్‌లోడ్లు (డేటాని ముక్కలు చేసే పనిని ప్రాసెసర్‌కి తగ్గించే సెట్టింగులు) ఆపేసి, రీబూట్ అయినా అలాగే ఉండేలా నెట్‌వర్క్ ఫైల్‌లో రాసిపెడితే సాధారణంగా తగ్గిపోతుంది. ప్రాసెసర్‌కి కాస్త పని పెరుగుతుంది, మనకి తెలియనంత.

బ్యాకప్ గురించి ఒక్క మాటే. స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచుకోవడం) బ్యాకప్ కాదు, అది కూడా అదే డిస్కు మీద ఉంటుంది. యూఎస్‌బీ డిస్కు ఒకటి పెట్టి ప్రాక్స్‌మాక్స్‌లోనే ఉన్న బ్యాకప్ షెడ్యూల్ చేయండి, నెలకోసారి ఏదో ఒక వీఎంని వేరే నంబర్‌తో రిస్టోర్ చేసి లేస్తుందో లేదో చూడండి. వీఎంలు పెరిగాక ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వైపు వెళ్లొచ్చు.

కరెంటు పోవడం గురించి మీరు అడిగింది అసలైన ప్రశ్న, దానికి విడిగా చెప్పాలి. ఇన్వర్టర్‌కి వెనకో పక్కనో మోడ్ స్విచ్చు ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే సందు కంప్యూటర్లకి ఎక్కువ. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే డెస్క్‌టాప్ పవర్ సప్లైలు కొన్ని మొరాయిస్తాయి. సైన్ వేవ్ అయితే చింత లేదు. వైఫై రౌటర్‌కీ ఫైబర్ పెట్టెకీ 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది, అది వేరే పెట్టుకోండి.

అసలు చిక్కు ఏంటంటే, ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోతోందని బాక్సుకి చెప్పేవాళ్లు లేరు. యూఎస్‌బీ కేబుల్ ఉన్న యూపీఎస్ కొని నట్ అనే ప్రోగ్రామ్‌తో కలపడం ఒక దారి, పద్ధతైనదీ అదే. కానీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్ పెడితే దానికి కూడా కరెంటు పోయిన సంగతి తెలియదు, ఇన్వర్టర్ మీద లేని ప్లగ్‌కే దాన్ని పెట్టాలి. తక్కువ ఖర్చు దారి ఇంకోటుంది. ఏసీకో గీజర్‌కో వెళ్లే, ఇన్వర్టర్ మీద లేని లైన్లో ఒక వైఫై స్మార్ట్ ప్లగ్ పెట్టండి. ప్రాక్స్‌మాక్స్ దాన్ని నిమిషానికోసారి పింగ్ చేస్తుంటుంది. రౌటర్ పలుకుతూ, ప్లగ్ మాత్రం వరసగా పదిహేను నిమిషాలు పలకకపోతే కరెంటు పోయినట్టే, అన్ని వీఎంలనీ దింపి బాక్సు ఆపేయమని చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. రౌటర్ కూడా పలకకపోతే ఏమీ చేయకూడదు, అది వైఫై గొడవై ఉండొచ్చు.

ఇలా ఆగిన బాక్సు తిరిగి లేవడంలో చాలామంది ఆలోచించని మెలిక ఉంది. కరెంటు వచ్చాక దానంతటదే లేవాలని బయాస్‌లో ఆప్షన్ పెడతాం. ఆ ఆప్షన్ పనిచేయాలంటే ప్లగ్‌లో కరెంటు పోయి రావాలి. మీ బాక్సు ఇన్వర్టర్ మీద ఉంది, స్క్రిప్ట్ దాన్ని ఆపినప్పుడు ప్లగ్‌లో కరెంటు ఉంది, బయట కరెంటు వచ్చాకా అలాగే ఉంది. బయాస్ దృష్టిలో ఏమీ జరగలేదు, అందుకే లేవదు. రోజూ పొద్దున ఒక టైమ్‌కి లేచేలా బయాస్‌లోనే అలారం పెట్టడం తేలిక. రౌటర్‌లో వేక్-ఆన్-ల్యాన్ (నెట్‌వర్క్ ద్వారా మెషీన్‌ని లేపడం) ఉంటే ఫోన్‌లోంచి కూడా లేపొచ్చు. లేచాక వీఎంలకి వరస ఇవ్వండి: ముందు ఓపీఎన్‌సెన్స్, నిమిషం ఆగి డొమైన్ కంట్రోలర్, ఆ తర్వాత మిగతావి. డొమైన్ కంట్రోలర్‌లోని డీఎన్‌ఎస్ లేవకముందే క్లయింట్లు లేస్తే అనవసరపు ఎర్రర్లు వెతుక్కుంటూ ఉంటారు.

బాక్సు ఎక్కడ పెట్టాలంటే, అటక మీద మాత్రం వద్దు. కనిపించకుండా ఉంటుందని అందరూ అక్కడే పెడతారు, గదిలో వేడంతా చేరేదీ అక్కడే. మే నెల ఎండల్లో తలుపులు మూసిన టీవీ యూనిట్ కూడా అంతే. నడుం ఎత్తులో, గోడకి కాస్త ఎడంగా, గాలి ఆడే చోట పెట్టండి. వేసవి ముందొకసారి దుమ్ము దులపండి.

రెండో బాక్సు కొనాలనిపిస్తుంది, ఖాయం. కొన్నా రెండింటినీ క్లస్టర్ చేయకండి. ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో సగానికి మించి ఓట్లు ఉంటేనే మార్పులు ఒప్పుకుంటుంది. ఇద్దరిలో ఒకరు పడిపోతే మిగిలినదాని ఓటు సగమే, అప్పటికే నడుస్తున్నవి నడుస్తాయి గానీ కొత్తగా ఒక వీఎం కూడా లేవనివ్వదు. మూడో ఓటుకి రాస్ప్‌బెరీ పై లాంటిది ఒకటి పెట్టాకే ఆ పని చేయండి. లేదంటే రెండూ విడివిడిగా ఉంచి, రెండోదాన్ని కావాల్సినప్పుడు మాత్రమే వేక్-ఆన్-ల్యాన్‌తో లేపుకోండి. మీ ల్యాబ్‌లో 24 గంటలూ నడవాల్సింది నిజానికి ఏమీ లేదు. కుబర్నెటీస్ నోడ్లు మీరు నిద్రపోయేటప్పుడు ఎవరికి సేవ చేస్తున్నాయి?

విండోస్ సర్వర్ లైసెన్స్ సంగతి కూడా అడిగారు. మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే 180 రోజుల ఎవాల్యుయేషన్ ఐఎస్‌ఓ ఇస్తారు, ల్యాబ్‌కి అది చాలు, క్రాక్‌ల జోలికి వెళ్లకండి. గడువు దగ్గరపడ్డప్పుడు పొడిగించే కమాండ్ ఉంది, కానీ నేనైతే పొడిగించను. డొమైన్ కట్టే మెట్లన్నీ పవర్‌షెల్ స్క్రిప్ట్‌గానో అన్సిబుల్ (సెటప్ పనులని తనే చేసే టూల్) ప్లేబుక్‌గానో రాసుకుని, గడువు అయ్యేసరికి పాతది చెరిపేసి స్క్రిప్ట్‌తోనే కొత్త డొమైన్ లేపండి. మొదటిసారి మధ్యలో మూడు నాలుగు చోట్ల ఆగుతుంది, అక్కడ చేత్తో ఏం చేశారో స్క్రిప్ట్‌లో చేర్చండి. ఆ స్క్రిప్ట్ గిట్‌లో పెట్టి, రెజ్యూమెలో లింక్ ఇవ్వండి. సర్వర్ దగ్గర మిగిలిన డబ్బుతో ముందు ర్యామ్, తర్వాత యూఎస్‌బీ డిస్కు. బాక్సు కొన్నాక బయాస్ దగ్గర ఏదైనా అర్థం కాకపోతే మోడల్ పేరు, స్క్రీన్ ఫొటో పెట్టి అడగండి, చూసి చెప్తాను.